తునికాకు కోతకు వెళ్లేవారికి: అడవిలో రాకెట్ ముక్క కనిపిస్తే

మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో ఇప్పపువ్వు ఏరడం అయిందంటే తునికాకు కోత మొదలవుతుంది. తెల్లవారకముందే అడవిలో అడుగు పెట్టే రోజులివి. పులి సంగతి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆకాశం నుంచి పడే ఇనుము గురించే చెప్పుకోవాలి.

2022 ఉగాది నాటి రాత్రి సిందేవాహీ తాలూకా లాడ్‌బోరీలో ఖాళీ స్థలంలో ఒక లోహపు వలయం పడింది. ఎడ్లబండి చక్రానికి బిగించే పట్టాలాంటిదే, కానీ అడ్డంగా దాదాపు 3 మీటర్లు. దగ్గర్లో గోళమూ దొరికింది. చైనా లాంగ్ మార్చ్ 3బి రాకెట్ శకలాలని నిపుణుల అంచనా.

ఈ లాంగ్ మార్చ్ 3బి వంశమూలం చైనా డీఎఫ్-5 క్షిపణి. రష్యా అయితే విరమించిన ఆర్-36 క్షిపణుల్లో వార్‌హెడ్ (బాంబు ఉండే ముందుభాగం) తీసేసి, ఉపగ్రహం పెట్టి, ద్నేపర్ పేరుతో 1999 నుంచి 2015 దాకా 22 సార్లు ఎగరేసింది. కాబట్టి బాంబు భయం వద్దు. భయపడాల్సింది ఇంధనానికి. ఏళ్ల తరబడి సిద్ధంగా ఉండాల్సిన క్షిపణిలో మామూలు వేడికి చెడని యూడీఎంహెచ్ అనే ఇంధనం, దాన్ని మండించే నైట్రోజన్ టెట్రాక్సైడ్ నింపేవారు; వాటి నుంచి పుట్టిన ఈ రాకెట్లకూ అవే వచ్చాయి. ఈ రెండూ కలిస్తే అగ్గిపుల్ల లేకుండానే మండుతాయి, రెండూ విషాలే. 2006 జులైలో ఒక ద్నేపర్ కూలి కజకిస్థాన్ నేలను కలుషితం చేసింది. కక్ష్య నుంచి రాలే ముక్కల్లో ఇంధనం మిగలడం అరుదే. అయినా మూసి ఉన్న ట్యాంకులో ఏముందో పైనుంచి ఎవరికి తెలుస్తుంది?

చేపల కంపు తగిలినా, ఎర్రటి గోధుమరంగు పొగ కనిపించినా ముందు గాలికి అడ్డంగా పక్కకు తప్పుకుని, ముక్కకు దూరంగా గాలి వచ్చే వైపుకు వెళ్లండి. వాగులోకి దిగకండి, ఆ పొగ గాలికంటే బరువు, పల్లంలోనే నిలుస్తుంది. ఒంటికి అంటితే బట్టలు తీసేసి కనీసం 15 నిమిషాలు నీళ్లు పోస్తూ కడిగి, ఆసుపత్రికి వెళ్లండి. గోళాన్ని దొర్లించడం, రాయితో కొట్టి చూడటం అసలే వద్దు. లోపల గ్యాసు ఒత్తిడితో ఉండవచ్చు.

తుక్కు వ్యాపారి కిలోకు ఇంత అంటూ వస్తాడు. అమ్మకండి. నేల మీద జరిగిన నష్టానికి ప్రయోగించిన దేశమే బాధ్యత వహించాలని 1972 నాటి అంతర్జాతీయ ఒప్పందం చెబుతోంది. ముక్క పోతే రుజువూ పోతుంది. దూరం నుంచి ఫొటో తీసి ఊళ్లో పోలీసులకు సమాచారం అందించే పోలీస్ పాటిల్‌కు చెప్పండి, లేదా 112కు ఫోను చేయండి. పశువులను అటు తోలకండి. కోసిన ఆకు అక్కడే ఉండిపోతే ఆ పూటకు వదిలేయండి. అధికారులు చూసి సరే అన్నాకే కల్లానికి చేర్చవచ్చు.