ఒక దారిన ఎక్కి మరో దారిన దిగండి: కోరాపుట్, రాయగడల మీదుగా కొండరైలు ప్రయాణం

విశాఖపట్నంలో ఉదయాన్నే కిరండూల్ ప్యాసింజరు ఎక్కేవారిలో ఎక్కువమంది అరకులో దిగిపోతారు. తరాలుగా ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో స్థిరపడిన మాలాంటి తెలుగు కుటుంబాలవారికి అది కాస్త చిన్నతనంగానే ఉంటుంది, ఎందుకంటే రైలు అక్కడితో ఆగిపోదు. దార్లిపుట్, పాడువా, మాచ్‌ఖండ్ రోడ్‌ల మీదుగా మా కోరాపుట్‌కు వస్తుంది. ఇక్కడినుంచి రాయగడకు ఇంకొక ఘాటు మార్గం, అంటే కొండల్లోంచి సాగే రైలు దారి, ఉంది. రాయగడనుంచి పార్వతీపురం, విజయనగరం మీదుగా మళ్లీ విశాఖ చేరవచ్చు. వెళ్లిన దారినే వెనక్కి రాకుండా ఈ మొత్తాన్ని ఒక చుట్టుగా తిరగాలన్నదే నా సలహా. మూడు రోజులుంటే చాలు.

మొదటిరోజు పగటి రైలే ఎక్కాలి, రాత్రి ఎక్స్‌ప్రెస్‌లో వెళితే నిద్రే మిగులుతుంది. పైకి వెళ్లేటప్పుడు లోయ ఎక్కువగా కుడివైపు కనిపిస్తుంది కనుక ఆ వైపు కిటికీ సీటు చూసుకోండి. శృంగవరపుకోట దాటాక అసలు ఎక్కుడు మొదలవుతుంది. ఈ కొత్తవలస–కిరండూల్ మార్గాన్ని 1960లలో ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి నిర్మించారు. దీనిమీద యాభైకి పైగా సొరంగాలున్నాయి. ఇప్పటికీ ఇది ముందు ఖనిజపు మార్గం, తరువాతే ప్రయాణికుల మార్గం. అందువల్ల ఎదురుగా గూడ్సు వస్తున్నప్పుడు మన బండి ఏదో ఒక చిన్న స్టేషన్లో చాలాసేపు నిలబడవచ్చు. విసుగుపడకుండా ఆ సమయంలో పట్టాల మధ్య కంకరను గమనించండి. వ్యాగన్లనుంచి రాలిన పొడి పట్టి అక్కడక్కడ ఎర్రమట్టి రంగులోకి తిరిగి ఉంటుంది. బండి ఆలస్యం ఈ మార్గంలో మామూలే కాబట్టి కోరాపుట్‌లో దిగిన సాయంత్రానికి ఏ కార్యక్రమమూ పెట్టుకోకపోవడం మంచిది.

పేర్ల విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. బొర్రా గుహలు దాటాక అరకుకు ముందు వచ్చే శిమిలిగుడ, సముద్రమట్టానికి సుమారు 996 మీటర్ల ఎత్తున ఉన్న స్టేషను. సునాబేడ పక్కన జాతీయ రహదారిమీదున్న సెమిలిగుడ పట్టణం వేరు, అది ఒడిశాలో ఉంది. మా బావమరిది మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు ఈ రెండూ ఒకటే అనుకొని శిమిలిగుడలో దిగి, చెట్లూ పొగమంచూ తప్ప మరేమీ కనిపించక ఫోన్ చేశాడు. అందుకే టికెట్టు కోరాపుట్‌కే తీసుకోండి.

రెండోరోజును కొండ నడకకు కేటాయించండి. ఒడిశాలోకెల్లా ఎత్తయిన దేవమాలి శిఖరం 1,672 మీటర్లు. కోరాపుట్‌నుంచి సెమిలిగుడ మీదుగా జీపు మాట్లాడుకొని చీకటితోనే బయలుదేరితే సూర్యోదయానికి చేరవచ్చు. దాదాపు పైదాకా రోడ్డుంది. అయితే జీపులోనే పైకి వెళ్లి, ఫొటో దిగి తిరిగి వచ్చేయడంకంటే, కిందనే దిగి చివరి రెండు మూడు కిలోమీటర్లు నడిస్తే కొండ అర్థమవుతుంది. శిఖరం దగ్గర నీడనిచ్చే చెట్టు లేదు, గాలి విపరీతం. చలికాలంలో స్వెటర్‌తోపాటు చెవులకు మఫ్లరు, నీళ్లు, తినడానికేదైనా వెంట ఉండాలి. నవంబరు, డిసెంబరు నెలల్లో వెళితే దారి పొడవునా వాలు పొలాల్లో వలిసెలు పసుపుపచ్చగా పూసి ఉంటాయి. తేనెటీగల రొద వినిపించేంత దగ్గరగా గట్టుమీద నిలబడవచ్చుగానీ, చేలోకి దిగి తొక్కవద్దు. నూనె గింజకోసం వేసిన పంట అది.

ఆ రోజు శుక్రవారమైతే తిరుగుదారిలో కుందులి సంతకు వెళ్లండి. చుట్టుపక్కల గ్రామాలనుంచి కూరగాయలు, అల్లం, చోళ్లు (రాగులు) తలమీద పెట్టుకొని వస్తారు. అక్కడివారు దేశియా అనే స్థానిక ఒడియా యాస మాట్లాడినా, ఎంతకిస్తావని తెలుగులో అడిగితే చాలామందికి అర్థమవుతుంది. మనుషుల ఫొటోలు మాత్రం అడగకుండా తీయకూడదు. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన కోరాపుట్ కాలాజీరా బియ్యం, ఇక్కడి తోటల్లో పండే కాఫీ పొడి ఇంటికి తీసుకెళ్లదగినవి.

జలపాతంమీద మోజున్నవారు దేవమాలికి బదులు మాచ్‌ఖండ్ నదిమీదున్న డుడుమా చూడవచ్చు. దాదాపు 175 మీటర్ల ఎత్తునుంచి దూకే నీరది. దూరం ఎక్కువ కాబట్టి ఆ రోజంతా దానికే పోతుంది. రెండూ ఒకేరోజు కుదిరించాలని చూస్తే జీపులో కూర్చోవడమే మిగులుతుంది.

మూడోరోజు రాయగడ ఘాటు. ఇక్కడ ఏ బండి ఎక్కుతారన్నది ముఖ్యం. భువనేశ్వర్ వెళ్లే హీరాఖండ్ సాయంత్రపు బండి, త్వరలోనే చీకటి పడిపోతుంది. జగ్దల్‌పూర్‌నుంచి హౌరా వెళ్లే సమలేశ్వరి ఉదయంపూట వస్తుంది కాబట్టి లోయలు, వంతెనలు వెలుతురులో కనిపిస్తాయి. వేళలు మారుతుంటాయి కనుక ముందురోజు సరిచూసుకోండి. 1990లలో వేసిన ఈ మార్గం దామంజోడి, కాకిరిగుమ్మ, లక్ష్మీపూర్ రోడ్, టికిరి మీదుగా దిగుతుంది. ఎందుకోగానీ దీని గురించి రాసేవారు తక్కువ. నా దృష్టిలో మొదటిరోజు ఎక్కిన అనంతగిరి ఘాటుకు ఇది ఏమాత్రం తీసిపోదు. జులైనుంచి సెప్టెంబరు దాకా కొండచరియలు విరిగిపడి రెండు మార్గాల్లోనూ బండ్లు ఆగిపోయే అవకాశం ఉంది కాబట్టి, వానాకాలంలో వచ్చేవారు ఒకరోజు అదనంగా చేతిలో ఉంచుకోవాలి.

రాయగడలో మజ్జిగౌరమ్మ దర్శనం చేసుకొని, నాగావళి ఒడ్డున ఏనుగుల్లా పడుకున్నట్టుండే హాతిపత్థర్ బండల దగ్గరికి ఆటోలో వెళ్లవచ్చు. శ్రీకాకుళంవారికి ఇంటిపక్కన పారే నాగావళే ఇది, కాకపోతే ఇక్కడ రాళ్లమధ్య ఉరుకుతుంది. ఆ రాళ్లమీద నాచు ఉంటుంది, చెప్పులతో ఎక్కితే జారుతారు. వరద ఉన్నప్పుడు గట్టుమీదనుంచే చూసి, సాయంత్రం విజయనగరం వైపు వెళ్లే బండి వేళకు అరగంట ముందుగా స్టేషను చేరుకోండి.