పిల్లి పిల్లని దత్తత తెచ్చుకునే ముందు

మీ ఊళ్లో రోడ్డు మీది పిల్లుల్ని ఇంట్లోనే సాకి దత్తత ఇచ్చేవాళ్ల దగ్గరికి వెళ్తే ముందు వయసు అడగండి, 8 వారాలు నిండని పిల్లని మాత్రం తీసుకోవద్దు. నులిపురుగుల మందు ఎప్పుడు వేశారో, టీకా వేయించారో లేదో కనుక్కుని కార్డు ఫొటో తీసుకోండి, ఎందుకంటే మొదటి టీకా తర్వాత 3, 4 వారాలకి బూస్టర్ వేయించాల్సింది మీరే. బాల్కనీకి నెట్ ఉందా, ఇంటి ఓనర్ ఒప్పుకున్నాడా అని వాళ్లూ గుచ్చి గుచ్చి అడుగుతారు. చిరాకు పడకండి, అలా అడిగేవాళ్లే నయం. వీలైతే ఇద్దరు తోబుట్టువుల్ని కలిపి తెచ్చుకోండి, ఒక్కటే ఉంటే దాని ఆటలకి మీ కాళ్లే దొరుకుతాయి! ఆవుపాలు పోయకండి, విరేచనాలు పట్టుకుంటాయి. మొదట్లో ఒకే గదిలో ఉంచి, మూలన ఇసుక ట్రే పెడితే చాలు. పిల్లలు పుట్టకుండా చేయించే ఆపరేషన్ వాయిదా వేయొద్దు, ఆడపిల్లి 4 నెలలకే ఎదకి రావచ్చు.