చిరక అంటే ఏంటి అయ్యగారూ? పల్లె పాస్టర్లు వారమంతా వాక్యానికి ఎలా సిద్ధపడాలి

కొన్నేళ్ల క్రితం రూతు గ్రంథం 2వ అధ్యాయం మీద వాక్యం చెప్పాను. ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకుంటూ ఒక ముసలమ్మ ఆగి, "చిరక అంటే ఏంటి అయ్యగారూ?" అని అడిగింది. పొలం యజమాని బోయజు, ఆ పొలంలో పరిగె (కోతలో రాలిన వెన్నులు) ఏరుకుంటున్న పరదేశి విధవ రూతును భోజనానికి పిలిచి, చిరకలో ముక్క ముంచుకుని తినమంటాడు కదా, ఆ మాట. నాకు తెలియదు. తెలియదని చెప్పొచ్చుగా, చెప్పలేదు, "అది ఆ దేశపు కూర అమ్మా" అనేశాను. ఇంటికొచ్చి చూస్తే అది వెనిగర్, ఉర్దూలో సిర్కా అంటారే, అదే. సిలువ దగ్గర స్పంజీలో నింపి యేసు నోటికి అందించింది కూడా అదే చిరక, యోహాను 19లో నేను లెక్కలేనన్ని సార్లు చదివి దాటిపోయిన మాట. పై ఆదివారం సంఘం ముందు నిలబడి దిద్దుకున్నాను. ఆమె నవ్వి ఊరుకుంది, నాకు మాత్రం ఆ వారమంతా సరిగ్గా నిద్ర పట్టలేదు.

అప్పటినుంచి నేను వాక్యానికి సిద్ధపడే పద్ధతి మార్చుకున్నాను. పగలు ఆటో నడిపో, కౌలుకు చేసో, సాయంత్రం కుటుంబ ప్రార్థనలకు తిరిగే సేవకులను మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను, ఎందుకంటే టైం లేనిది వాళ్లకే.

ముందుగా ఒక సాకు సంగతి తేల్చుకుందాం. "ఏమి చెప్పాలో ఆ గడియలోనే ఆత్మ ఇస్తాడు, సిద్ధపడటం అవిశ్వాసం" అనే మాట మనలో చాలామంది నోట విన్నాను, ఒకప్పుడు నేనూ అన్నాను. మత్తయి 10:19 తెరిచి పైవచనం చూడండి, అది శిష్యులను పట్టుకుని అధిపతుల ముందు నిలబెట్టినప్పటి సంగతి, ఆదివారం పదిన్నర ఆరాధన సంగతి కాదు. "నీ నోరు బాగుగా తెరువుము నేను దాని నింపెదను" అనేది కూడా ఇలాగే వాడేస్తాం, కానీ ఆ 81వ కీర్తన చివరిదాకా చదివితే నోరు నింపేది గోధుమలతో, కొండ తేనెతో, అంటే తిండి సంగతి. పౌలు చెరసాలలో ఉండి, చావు దగ్గరపడిందని తెలిసి కూడా తిమోతికి రాస్తూ అంగీ, పుస్తకాలు, ముఖ్యంగా చర్మపు కాగితాలు తెమ్మన్నాడు. అంత అనుభవం ఉన్నాయనకే ఇంకా పుస్తకాలు కావలసి వచ్చాయి.

ఇక పని. పాఠంగా ఆ రూతు 2నే తీసుకుందాం, నా తప్పు అక్కడే కాబట్టి.

సోమవారం భాగం తీసుకోండి, శనివారం కాదు. శనివారం రాత్రి వెతికితే దొరికేది యూట్యూబ్‌లో ఎవరో చెప్పిన వర్తమానం, అది మీ సంఘంలో పిల్లలు మీకంటే ముందే వినేసి ఉంటారు. సోమవారం చేయాల్సింది ఒక్కటే, ఫోన్ పక్కన పెట్టి రూతు నాలుగు అధ్యాయాలూ పైకి చదవడం. పదిహేను, ఇరవై నిమిషాలు పడుతుంది. తర్వాత 2వ అధ్యాయం మాత్రం ఇంకో రెండు సార్లు. చదువుతూ అర్థం కాని ప్రతి మాటా నోట్‌బుక్‌లో రాసుకోండి, సిగ్గుపడకుండా. పరిగె, యవలు, తూమెడు, చిరక, "విడిపింపగలవారిలో ఒకడు". మన పాత బైబిలు భాష చెవికి అలవాటైపోయి, తెలియని మాటను కూడా తెలిసినట్టే దాటించేస్తుంది, అదే పెద్ద చిక్కు. పక్కన ఇండియన్ రివైజ్డ్ వెర్షన్‌నో, ఈజీ టు రీడ్ అనువాదాన్నో పెట్టుకుని పోల్చండి, రెండూ ఫోన్‌లో ఉచితంగా దొరుకుతాయి. వ్యాఖ్యానం మాత్రం ఈ రోజు ముట్టుకోవద్దు. ముందే ముట్టుకుంటే మీ ప్రశ్నలు పోయి వ్యాఖ్యానం రాసినాయన ప్రశ్నలు మిగులుతాయి.

మంగళవారం సహవాక్యాలు, అంటే ఇదే సంగతికి సంబంధించిన వేరే వచనాలు. లేవీయకాండము 19:9-10, ద్వితీయోపదేశకాండము 24:19 చూస్తే పొలం అంచులు పూర్తిగా కోయవద్దని, పరిగె బీదలకూ పరదేశులకూ వదలమని ఆజ్ఞ ఉంది. అంటే రూతు అడుక్కోలేదు, ధర్మశాస్త్రం ఇచ్చిన హక్కు తీసుకుంది. అదే ద్వితీయోపదేశకాండము 23:3లో మోయాబీయులను, అంటే రూతు జాతివాళ్లను, సమాజంలో చేర్చకూడదనీ ఉంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే, ఈ అధ్యాయంలో ఆమెను మాటిమాటికీ "మోయాబీయురాలు" అని ఎందుకు అంటున్నారో తెలుస్తుంది. మత్తయి 1:5 కూడా చూడండి, బోయజు తల్లి రాహాబు, ఆమె కూడా పరదేశే. వీలుంటే కొలతలు కూడా ఈ రోజే తేల్చుకోండి. తూమెడు అని మనవాళ్లు అనువదించింది ఏఫా అనే హెబ్రీ కొలత, సుమారు 22 లీటర్లు, యవలైతే (బార్లీ) పదమూడు పద్నాలుగు కిలోలు. మన తూము ఒక్కో ప్రాంతంలో ఒక్కో కొలత కాబట్టి లీటర్లలో చెప్పడమే మేలు.

బుధవారం బైబిలు మూసి బయటికి వెళ్లండి. ఈ మాట ఏ కాలేజీలోనూ నాకు చెప్పలేదు, మా సంఘంలో కూలికి వెళ్లే అక్కల దగ్గర నేర్చుకున్నాను. "ఒక్క రోజులో పరిగె ఏరితే పద్నాలుగు కిలోలు వస్తాయా?" అని అడిగాను. ముగ్గురూ ఒకేసారి నవ్వారు. "ఎవరో కావాలని పడేస్తే తప్ప రావయ్యగారూ" అంది ఒకామె. వెంటనే 16వ వచనం చదివి వినిపించాను, ఆమె కోసం పిడికెళ్లు పడవేసి విడిచిపెట్టండని, గద్దించవద్దని బోయజు పనివాళ్లకు చెప్పింది అక్కడే ఉంది. చదువురాని ఆమె వచనం చూడకుండానే వచనం పట్టుకుంది. ఇంకొకామె 9వ వచనం దగ్గర ఆగిపోయింది, ఆమెను ముట్టవద్దని కుర్రాళ్లకు ఆజ్ఞ ఇచ్చానని బోయజు అంటాడే, అక్కడ. ఊరుగాని ఊరు వలస వెళ్లి మిరప కోతల్లో ఒంటరిగా పని చేసిన మనిషి ఆమె, ఆ వచనం గురించి ఆమె చెప్పింది నేను ఇక్కడ రాయను, కానీ అప్పటినుంచి ఆ వచనాన్ని నేను తేలిగ్గా దాటలేదు. ఇంకో సంగతి కూడా వాళ్ల దగ్గరే తెలిసింది, హార్వెస్టర్లు వచ్చాక పరిగె ఏరడం తగ్గిపోయి మా ఊరి పిల్లలకు ఆ మాటే తెలియదు. అంటే ఆదివారం పెద్దవాళ్లకు చెప్పనక్కరలేనిది కుర్రవాళ్లకు విడిగా చెప్పాలి.

గురువారం ఇప్పుడు వ్యాఖ్యానం తెరవండి, మీ ప్రశ్నలకు జవాబుల కోసం మాత్రమే. తర్వాత ఈ భాగం మా సంఘానికి ఏం చెబుతోందో ఒక్క వాక్యంలో రాయండి. ఒక్క వాక్యంలో రాయలేకపోతే ఇంకా అర్థం కాలేదన్నమాట. శుక్రవారం ఎలాగూ ఉపవాస ప్రార్థనతో గడిచిపోతుంది. శనివారం అరపేజీ నోట్సు రాసుకుని ఇంట్లో పైకి చెప్పి చూడండి. మా ఆవిడ అన్నం వారుస్తూ వింటుంది, "అక్కడ సాగదీశావు" అంటుంది, నాకు కోపం వస్తుంది, తీసేస్తాను. ఆదివారం చెప్పింది ఫోన్‌లో రికార్డు చేసుకుని సోమవారం వినండి. భరించడం కష్టమే. నేను గంటలో "ప్రియ దేవుని బిడ్డలారా" అని ఎన్ని సార్లు అంటానో మొదటిసారి విన్నప్పుడు తెలిసింది.

ఇది వారం సంగతి. ఏడాది సంగతి కొంచెం వేరు. మనకు ఇష్టమైన భాగాలు పదో పదిహేనో ఉంటాయి, వాటి చుట్టే తిరుగుతాం. దానికి మందు, ఒక గ్రంథాన్ని మొదటినుంచి చివరిదాకా వరసగా చెప్పడం. చిన్నవాటితో మొదలుపెట్టండి, రూతు నాలుగు వారాలు, యోనా నాలుగు వారాలు, ఫిలిప్పీ ఎనిమిది. "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అనేది పరీక్షల వచనం కాదని, ఆకలినీ లేమినీ ఓర్చుకోవడం గురించని వరసగా చదివినప్పుడే నాకు పట్టింది.

కాలేజీకి వెళ్లి చదవగలిగితే వెళ్లండి, హైదరాబాద్‌లో ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ ఉంది, ఇంకా చాలా ఉన్నాయి. సంసారం, సంఘం వదిలి వెళ్లలేనివాళ్ల కోసం ఉన్న ఊళ్లోనే చదివే ఎక్స్‌టెన్షన్ పద్ధతి ఉంది. ఈ పద్ధతి 1960ల మొదట్లో గ్వాటెమాలాలో ప్రెస్బిటేరియన్ సెమినరీవాళ్లు మొదలుపెట్టారు, రాజధానికి తెచ్చి చదివించినవాళ్లు తిరిగి పల్లెలకు సరిగా వెళ్లడం లేదని చూసి. మన దేశంలో బెంగళూరులోని టాఫ్టీ అనే సంస్థ అదే దారిలో నడుస్తోంది. ఏదీ కుదరకపోతే చుట్టుపక్కల ముగ్గురు సేవకులు నెలకోసారి కూర్చుని ఒకరి వాక్యం ఒకరు విమర్శించుకోండి, టీ ఖర్చు తప్ప ఏమీ లేదు. డబ్బు కడితే డాక్టరేట్ ఇస్తామని ఫోన్ చేసేవాళ్ల జోలికి మాత్రం పోవద్దు. ఆ డబ్బుతో మంచి స్టడీ బైబిలు కొనుక్కుని పిల్లల ఫీజు కూడా కట్టొచ్చు.

నేర్చుకోవడం అంటే బైబిలు ఒక్కటే కూడా కాదు. పెళ్లిళ్లు చేస్తున్నారా? 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం కింద అధికారం లేకుండా పెళ్లి జరిపిస్తే పదేళ్ల దాకా జైలుశిక్ష పడొచ్చు, ఇది తెలియకుండా పెళ్లిళ్లు చేస్తున్నవాళ్లను చూశాను. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని మన చెవిన పడితే పోలీసులకు చెప్పి తీరాలని 2012 పోక్సో చట్టం అంటుంది, ప్రార్థనలో పెట్టి సర్దేయడం కుదరదు. టీబీ మందులు మామూలుగా ఆరు నెలలు ఆపకుండా వాడాలి, స్వస్థత కూడికకు వచ్చిన మనిషితో ఆ మాట మీరే చెప్పండి, మాత్రలు మానొద్దని. చచ్చిపోవాలని ఉందని ఎవరైనా వస్తే ప్రార్థన చేయండి, వాళ్లను ఒంటరిగా వదలకండి, పక్కనే కూర్చుని 14416కు ఫోన్ కలపండి. అది టెలి మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

రూతు 2 చెప్పేశాక పై ఆదివారం 3వ అధ్యాయం వస్తుంది, రాత్రిపూట కళ్లంలో బోయజు కాళ్ల దగ్గర రూతు పడుకున్న సంగతి. ముందు వరసలో సండే స్కూల్ పిల్లలు, వెనక వాళ్ల నానమ్మలు. దానికి సోమవారం దాకా ఆగకండి, ఆదివారం సాయంత్రమే మొదలుపెట్టండి.