కుందేళ్ల షెడ్డు: మేత కంటే ముందు ఎండ, గాలి

కుందేలుకు చెమట పట్టదు. ఒంట్లో వేడిని చెవుల గుండా, వేగంగా ఊపిరి తీస్తూ బయటికి పంపుతుంది. 15 నుంచి 25 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. 30 దాటితే మేత తగ్గించేస్తుంది, 35 దాటి గాలి ఆడకపోతే ప్రాణానికే ముప్పు. మన జిల్లాల్లో మే నెల 42 డిగ్రీలు చూస్తుంది కాబట్టి జాతి కుందేళ్లు కొనకముందే షెడ్డు సంగతి తేల్చుకోవాలి.

షెడ్డు పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి. అడ్డంగా కడితే పొద్దున ఒక వరస బోన్లు, సాయంత్రం ఇంకో వరస ఎండలో మాడతాయి. పక్క గోడ రెండున్నర అడుగులు చాలు, పైనంతా జాలీ. చూరు మూడడుగులు బయటికి రావాలి. కప్పుకు తాటాకు మేలు. రేకులే వేస్తే పైన తెల్ల సున్నం పూసి, వేసవిలో వరిగడ్డి పరవండి.

తడి గోనెపట్టాలు అందరూ కడతారు, కానీ అవి అన్నిచోట్లా పనిచేయవు. తెలంగాణ, రాయలసీమ పొడి ఎండకు బాగా చల్లబరుస్తాయి. కోస్తాలో గాలి అప్పటికే తేమగా ఉంటుంది. అక్కడ పట్టాలు తడిపితే ఉక్కపోత పెరుగుతుంది, అంతే. ఫ్యాను పెట్టి గాలి కదిలించాలి.

వేసవిలో చూలు నిలవకపోతే ఆడదాన్ని తప్పుపట్టి అమ్మేస్తుంటారు. చాలాసార్లు లోపం మగదానిదే. కొన్ని రోజులు వరసగా 30 డిగ్రీలు దాటితే వీర్యం దెబ్బతింటుంది, కోలుకోవడానికి దాదాపు రెండు నెలలు పడుతుంది. అందుకే అన్నిటికంటే చల్లని మూల మగవాటికి ఇవ్వండి.

పిల్లల తల్లికి బోను పొడవు మూడడుగులు, వెడల్పు రెండడుగులు, ఎత్తు ఒకటిన్నరకు తగ్గకూడదు. రెండడుగుల ఎత్తుంటే వెనక కాళ్ల మీద లేచి చెవులు నిక్కించగలదు, ఆ ఖర్చు దండగ కాదు. అడుగున 14 గేజి తీగ, అర అంగుళం బై అంగుళం గడులు. గడి పెద్దదైతే పిల్లల కాళ్లు ఇరుక్కుని విరుగుతాయి. తీగ సన్నమైతే బరువైన తల్లుల మడమలు పుండ్లు పడతాయి, అవి నొప్పితో మేత మానేస్తాయి. ఒక పక్క అడుగు పొడవు చెక్క వేయండి, వారానికోసారి కడిగి ఎండబెట్టండి. పిల్లలు జారిపోకుండా పక్కల కింది నాలుగంగుళాలకు అర అంగుళం జాలీ కట్టండి. బోను కాళ్లను నీళ్ల గిన్నెల్లో ఉంచితే చీమలు ఎక్కవు.

తల్లి పిల్లలు పెట్టే ఈత పెట్టె 16 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 12 ఎత్తు, గుమ్మం 6 అంగుళాలు. జత కట్టించిన 28వ రోజున పెట్టండి. ముందే పెడితే అందులోనే మూత్రం పోస్తుంది. ఎండాకాలం తల్లి తన ఒంటి నుంచి పీకి పెట్టెలో పరిచిన బొచ్చు ఎక్కువైతే పిల్లలు దూరదూరంగా పడుకుని రొప్పుతాయి. అప్పుడు సగానికి పైగా తీసేయండి. చలిలో కుప్పగా ముడుచుకుంటే తిరిగి వేయాలి, కాబట్టి తీసినది పారేయవద్దు.

బోను ఎత్తుకి వంగి ఊపిరి తీసి చూడండి. కళ్లు మండితే అమ్మోనియా నిలిచిందన్నమాట. తుమ్ములు, ముక్కు కారడం, ఆపైన న్యుమోనియా అక్కడి నుంచే మొదలు. పెంటికల మీద సున్నం చల్లితే అమ్మోనియా ఇంకా లేస్తుంది. సూపర్ ఫాస్ఫేటు చల్లండి, మూత్రం నిలవకుండా నేలకు వాలు ఇవ్వండి.

పాలిచ్చే తల్లి ఎండల్లో రోజుకు లీటరు పైనే తాగుతుంది. నిపుల్ పైపు ఎండలో ఉంటే మధ్యాహ్నం నీళ్లు కాగిపోయి తాగదు. పైపుకు గోనె చుట్టండి. మేత సాయంత్రం చల్లబడ్డాక వేయండి.

నోరు తెరిచి, తల వెనక్కి వాల్చి రొప్పుతుంటే వడదెబ్బ తగిలినట్టు. నీడకు తెచ్చి చెవులను మామూలు నీళ్లతో తడపండి, గాలి తగలనివ్వండి. ఐసు నీళ్లలో ముంచకూడదు.