పొద చావకుండా వెదురు కోసుకోవడం ఎలా

పందిరికో పాకకో నిచ్చెనకో కర్ర కావాలంటే అడవిలో చెట్టు మీద పడక్కర్లేదండి, ఒకేసారి మొత్తం నరికేసి నేలని బోడి చేసే జామాయిల్ తోటలూ అక్కర్లేదు, ఒక్క వెదురు పొదని సరిగ్గా చూసుకుంటే ఏటా బొంగులు ఇస్తూనే ఉంటది. కాకపోతే కోయడం తెలియాలి. మొదటిసారి నేను బయటి వరసలో చేతికందినవన్నీ కొట్టేశా, కొత్తవి పుట్టేది బయటి వైపే కాబట్టి అవన్నీ లేతవి, ఆర్నెల్లకే పందిరంతా పుచ్చి కింద పిండి రాలింది, మరుసటేడు పొదలో కొమ్ములు, అంటే నేలలోంచి లేచే కొత్త మొలకలు కూడా సన్నగా వచ్చాయి.

అందుకే ముందు వయసు చూడండి. ఈ ఏడాది బొంగు నిండు పచ్చగా ఉంటది, మీద తెల్లటి బూడిద లాంటిది వేలికి అంటుకుంటది, కణుపుల దగ్గర ఎండిన తొడుగులు ఇంకా ఉంటాయి. మూడేళ్లు దాటినదానికి తొడుగులు రాలిపోయి రంగు మాసి బూడిదరంగు మచ్చలు పడతాయి, కత్తి వెనక వైపుతో కొడితే ఖంగుమంటది. కోయాల్సింది అదే. ఇంకా తేలిక పని ఏంటంటే ఏటా కొత్త బొంగుల మీద పెయింట్‌తో సంవత్సరం రాసేయడం, తర్వాత తికమక ఉండదు.

వానాకాలం కొమ్ములు లేచే టైం, అప్పుడు పొద జోలికే వెళ్లొద్దు. కార్తీకం నుంచి మాఘం దాకా కోసుకోండి. కొత్తవి రాని వైపు నుంచి లోపలికి దారి చేసుకుని, గుర్రపు లాడం ఆకారంలో నడిమి ముదురువి తీయాలి. నేల నుంచి ఒకటి రెండు కణుపులు వదిలి, కణుపుకి సరిగ్గా పైన రంపంతో కోయండి, గిన్నెలా గుంట మిగిలితే నీళ్లు నిలిచి కుళ్లు నేలలోని దుంపకి దిగుద్ది. కొత్తవి ఎన్ని ఉంటే కనీసం అన్ని పాతవి నేను వదిలేస్తా, గాలికి ఆసరా కావాలి కదా.

పురుగు పట్టకుండా 100 లీటర్ల నీళ్లకి 3 కిలోల బోరాక్స్, 2 కిలోల బోరిక్ యాసిడ్ కలిపి, ఇనప ఊచతో లోపలి కణుపులు పొడిచి, రాళ్లు పెట్టి రెండు వారాలు ముంచి, నీడలో నిలబెట్టి ఆరబెట్టండి. ఆ నీళ్లు చెరువులో పారబోయొద్దు, గొడ్లకి పిల్లలకి అందనివ్వొద్దు. ఈ మందు వానకి కడుక్కుపోద్ది, కాబట్టి గుంజ కింద రాయి, పైన చూరు ఉండాల్సిందే.

ఇక పర్మిషన్ సంగతి. 2017లో అటవీ చట్టం మార్చి వెదుర్ని చెట్ల జాబితాలోంచి తీసేశారు, అడవి బయట పెంచుకున్న వాళ్లకి అది పెద్ద ఊరట. అడవిలోదైతే 2006 అటవీ హక్కుల చట్టంలో వెదురు చిన్న తరహా అటవీ ఉత్పత్తి, హక్కు పత్రం ఉన్న ఊరికి దాని మీద అధికారం ఉంది. మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా మెంఢా లేఖా గ్రామసభ 2011లో తన వెదురు తానే అమ్ముకునే పాసులు సాధించింది, మన ఏజెన్సీ ఊళ్లు కూడా గట్టిగా అడగాలి.

ఒక్కటి మర్చిపోవద్దు, ముళ్ల వెదురు 40 ఏళ్లకి అటూ ఇటుగా ఒక్కసారే పూసి ఎండిపోద్ది. వెదురు బియ్యం, అంటే ఆ పూతకి కాసిన గింజలు, కొంత ఏరుకోండి కొంత కింద వదిలేయండి, మేకలు, నిప్పు రాకుండా కాపు కాయండి. మొలకలు అచ్చం గడ్డిలా ఉంటాయి, కలుపనుకుని పీకేయకండి.