ఇంటికి రంగులు ఎలా ఎంచుకోవాలి? షేడ్ కార్డు కన్నా ముందు నేల చూడండి

ఒంగోల్లో మా ఇంటికి మొదటిసారి రంగులేయించినప్పుడు, షేడ్ కార్డులో ముచ్చటగా ఉందని హాలుకి నారింజ రంగు చెప్పేశాం. అసలే పడమటి ఎండ నేరుగా పడే గది, రెండో కోటింగ్ ఆరేసరికి అందులో కూర్చోవాలంటేనే చిరాకేసేది. మూడేళ్ళు అలాగే భరించాం. మీకు ఆ తిప్పలు వద్దు.

ముందు, మార్చలేనివి చూడండి: నేల, వంటగది బండ, తలుపులు. మన వైపు చీమకుర్తి గ్రానైట్ వేసుకున్న ఇళ్ళు చాలానే కదా. గెలాక్సీ రాయి అయితే నల్లగా ఉండి లోపల బంగారు చుక్కలు మెరుస్తుంటాయి. ఆ చుక్కల రంగునే పట్టుకోండి. మీగడ రంగు, గంధం రంగు, లేత గోధుమ రంగు గోడలు ఆ రాయి పక్కన హాయిగా ఒదిగిపోతాయి. నల్ల నేలకి ముదురు గోడలు కూడా తోడైతే గది ఇరుకైపోయినట్టు ఉంటుంది.

తర్వాత వెలుతురు. ఉత్తరం కిటికీ ఒక్కటే ఉన్న గదిలోకి ఎండ పెద్దగా రాదు, కాస్త నీలం ఛాయ ఉన్న వెలుతురే వస్తుంది, అక్కడ బూడిద రంగు వేస్తే దిగులుగా కనిపిస్తుంది కాబట్టి పసుపు ఛాయ కలిసిన తెలుపు మేలు. పడమటి గదికి సాయంత్రం ఎండే ఎర్రదనం తెస్తుంది, దానికి లేత నీలమో లేత ఆకుపచ్చో వేయండి. లోపలి గోడకి వేసిన రంగుతో రోహిణి కార్తె వేడి తగ్గదు గానీ కళ్ళకి మాత్రం చల్లగా ఉంటుంది.

ఇప్పుడు కాగితం మీద ఒక గుండ్రం గీసి, ఆరు భాగాలు చేసి, వరసగా ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం, ఊదా అని రాయండి. పక్కపక్కన ఉన్న రంగులు గొడవ లేకుండా కలిసిపోతాయి, పడకగదికి అవే మంచివి. ఎదురెదురుగా ఉన్నవి ఒకదాన్ని ఒకటి ఎత్తి చూపిస్తాయి. కోవూరు వైపు పచ్చటి వరి మడిలో కలుపు తీసే ఆవిడ ఎర్రచీర అంత దూరానికి కనపడేది అందుకే! మడంతా ఆకుపచ్చ, చీర ఒక్కటే ఎరుపు, ఆ పాళ్ళే ఇంట్లోనూ కావాలి. రెండూ సగం సగం వేస్తే కళ్ళు అలిసిపోతాయి.

పాళ్ళకి డిజైనర్లు చెప్పే లెక్క 60-30-10. అంటే నూటికి గోడలకి 60, సోఫా, కర్టెన్లు, కప్‌బోర్డు తలుపులకి 30, దిండు గలీబుల్లాంటి చిన్నవాటికి 10. మీకు బాగా ఇష్టమైన గాఢమైన రంగుని ఆ 10లో పెట్టండి, పాత వెంకటగిరి చీర అంచుతో కుట్టిన గలీబులైనా సరే. విసుగొస్తే మార్చేయడం తేలిక.

డబ్బాలన్నీ కొనేముందు చిన్న డబ్బా ఒకటి తెచ్చి, గోడ మీద రెండడుగుల మేర రెండు కోటింగ్‌లు వేసి చూడండి. ఎమల్షన్ (గోడలకి వేసే నీళ్ళ పెయింటు) తడిమీద లేతగా ఉండి, ఆరాక కాస్త ముదురుతుంది. పాత రంగు మీదే వేయకుండా చుట్టూ తెల్ల ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) ఉండేలా చూసుకోండి, ఎందుకంటే పక్కన ఏ రంగు ఉందన్నదాన్ని బట్టి మన కంటికి రంగు మారిపోతుంది. ఫ్రాన్సులో అద్దకాల పని చూసే షెవ్రూల్ అనే రసాయన శాస్త్రవేత్త ఈ సంగతిని 1839లోనే వివరంగా చెప్పాడు. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైటు వేశాక, మూడుసార్లూ చూడాలి. 6500 కెల్విన్ (లైటు రంగుకి కొలత) తెల్ల లైటు కింద, 3000 కెల్విన్ పసుపు లైటు కింద ఒకే గోడ రెండు గోడల్లా కనిపిస్తుంది.

పెయింటర్‌కి నోటితో రంగు చెప్పకండి. "పచ్చ రంగు" అంటే ఆయనకి పసుపూ కావచ్చు, ఆకుపచ్చా కావచ్చు. షేడ్ నంబరు కాగితం మీద రాసివ్వండి, పని అయ్యాక అదే నంబరు ఉన్న డబ్బా మూత ఒకటి దాచిపెట్టండి, రేపు మేకు కొట్టినచోట పెచ్చు ఊడితే అదే పనికొస్తుంది.