ఏపీ యూఎస్ హిస్టరీ గైడ్ కొంటున్నారా? ముందు డీబీక్యూ పేజీ తెరవండి

అమెరికాలో హైస్కూల్ పిల్లలున్న మన ఇళ్లలో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు) యూఎస్ హిస్టరీ పరీక్ష గైడ్లు ఒకరి నుంచి ఒకరికి చేతులు మారుతుంటాయి. పాతది తీసుకోవడంలో తప్పు లేదు. కాకపోతే పాఠం మారకపోయినా మార్కులు వేసే పద్ధతి మారింది.

డీబీక్యూ, అంటే ఏడు పత్రాలిచ్చి రాయించే వ్యాసం, ఆ అధ్యాయం చూడండి. పూర్తి మార్కులకు ఆరు పత్రాలు వాదనలో వాడాలని ఉంటే అది పాత గైడే. 2023-24 నుంచి నాలుగు చాలు. పత్రం ఎవరు, ఎందుకు, ఎవరి కోసం రాశారో వివరించాల్సినవి కూడా మూడు నుంచి రెండుకు తగ్గాయి. మా అమ్మాయి పాత లెక్కనే నమ్మి ఆరూ ఇరికించబోయి, గంట అయిపోయినా వ్యాసం సగంలోనే ఉండేది. చూస్తే బాధేసేది.

తర్వాత మల్టిపుల్ చాయిస్ చూడండి. పరీక్షలో 55 నిమిషాలకు 55 ప్రశ్నలు, అన్నీ ఏదో ఒక ఉత్తరం ముక్క, కార్టూన్, మ్యాప్ లాంటివి చూపించి అడిగేవే. గైడ్‌లో నేరుగా తేదీలు అడుగుతుంటే పక్కన పెట్టేయండి.

వ్యాసాల సాధనకు మాత్రం డబ్బు పెట్టకండి. పాత ప్రశ్నలు, విద్యార్థులు రాసిన జవాబులు, వాటికి ఎన్ని మార్కులు ఎందుకు పడ్డాయో ఈ పరీక్ష పెట్టే కాలేజ్ బోర్డ్ సైట్లో ఉచితంగా దొరుకుతాయి.